పడవ నడవని కాలువ

మెట్టుగూడలో కాలువ లేదు, ఇనుపదారి కలదు. రైల్వే వసతిగృహముల నడుమ పెరుగుచున్న మన బాలబాలికలకు ఇంజను కూత తెలిసినంతగా తెడ్డు చప్పుడు తెలియదు. అట్టిచోట వెలువడు పాఠశాలా సంచికలో పట్టణపు కాలువలయందు పడవలకు తగులు చెత్తను గూర్చియు, అడ్డంకులను గూర్చియు వ్రాయబూనుట కొందఱికి వింతగా దోచవచ్చును. అయినను మన విద్యార్థులలో పలువురి తాతముత్తాతలు కృష్ణా గోదావరీ మండలములవారు. సెలవు లిచ్చినతోడనే బెజవాడకో, ఏలూరికో, కాకినాడకో పయనమగువారు ప్రతి తరగతిలోను కొందఱుందురు. వారచ్చట వంతెనమీద నిలిచి క్రిందికి చూచినప్పుడు కనబడునదానిని గూర్చి యొకసారి నిదానముగా నాలోచింపవలెనని నా కోరిక. అదియు గాక, ఇనుపదారి ప్రక్కను నివసించువారికి ఈ విషయము ఇతరులకంటె త్వరగా బోధపడునని నా నమ్మకము.

రైలుదారి వేసినవారు దానిని వేసి యూరకుండలేదు. ఎండయైనను వానయైనను కీమేను తన వంతు దారిని ప్రతిదినమును కాలినడకను పరీక్షించుచు, వదులైన కీలకమును సుత్తితో బిగించుచు, పట్టాలపై పడిన రాతినో కొమ్మనో తొలగించుచు పోవుచుండును. వానిని మన పిల్లలు చూడకపోలేదు. కాలువకును అట్టివాడొకడు కలడు. కృష్ణా గోదావరీ మండలములలో వానిని లస్కరు అందురు. గట్టు తెగకుండ చూచుట, తూములు విప్పి కట్టుట, నీటిని కాచుట వాని పని. అయితే లస్కరు గట్టుమీద నడచువాడు. నీటి యడుగున నేమి దాగియున్నదో గట్టుమీదినుండి కనబడదు. దానిని ఎఱిగినవాడు పడవవాడు. వాని గెడ యుదయము మొదలు సాయంకాలమువఱకు కాలువ యడుగును తాకుచునే యుండెను. నిన్న లేని గుంజ నేడు నాటియున్నచో, నిన్న లోతైనచోట నేడు దిబ్బ లేచియున్నచో, ఆ సంగతి మొదట తెలిసినది వాని చేతికే. ఆ విధముగా పడవవాడు కాలువకు జీతము లేని కీమేనై యుండెను.

నేను చెప్పదలచిన దింతియే. చెత్త నిండుటచే పట్టణపు కాలువలలో పడవలు నిలిచిపోయినవని లోకులందురు. నాకు దోచునది దానికి విరుద్ధము. పడవలు నిలిచిపోయినందుననే చెత్త నిలుచుటకు చోటు దొరకినది. కావున కాలువ శుభ్రపడిన పిదప పడవ దింపుదమనుట తలక్రిందుల యాలోచన. మొదట పడవను దింపవలెను. దానికి తగులు ప్రతి యడ్డంకిని ఎత్తివేయవలెను. ఎత్తినదానిని లెక్క వ్రాయవలెను.

ఈ కాలువలు మొదట ఏ యుద్దేశముతో త్రవ్వబడినవో కొంచెము స్మరింతము. ధవళేశ్వరపు టానకట్ట 1852 లోను, బెజవాడ యానకట్ట 1855 లోను పూర్తియైనవి. ఈ పనులకు మూలపురుషుడగు సర్ ఆర్థర్ కాటన్ దొర కాలువలను పొలములకు నీరిచ్చుటకు మాత్రమే గాక సరకులు మోయుటకును ఉద్దేశించెను. అందుచేతనే ప్రధానమైన కాలువలమీద, నీటిమట్టము మాఱుచోట్ల, పడవలు దిగుటకును ఎక్కుటకును లాకులు కట్టబడినవి. కాకినాడలో పడవయెక్కినవాడు ధవళేశ్వరము మీదుగా ఏలూరు చేరి, అచ్చట కలియు కృష్ణా కాలువలో బెజవాడకు వచ్చి, ఆనకట్టకు ఎగువను కృష్ణను దాటి, కొమ్మమూరు కాలువను పట్టి పెదగంజాము చేరి, ఆపైని బకింగుహాము కాలువలో చెన్నపట్టణమువఱకు పోగలిగెడివాడు. ఆ కడపటి కాలువ 1806 లో బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు చెన్నపట్టణమునుండి ఎన్నూరివైపునకు త్రవ్వించిన చిన్న కాలువతో మొదలైనది. 1877-78 నాటి ఘోరమైన కఱవులో, ఆకలిగొన్న జనులకు కూలి కల్పించుటకై, కూవము అడయారు నదుల నడుమ భాగమును త్రవ్వించిరి. అప్పటి గవర్నరు పేరే దానికి నిలిచినది. మన మిషనరీ దొరలును ఉపదేశకులును గోదావరీ మండలములోని గ్రామములకు చాలకాలము ఈ కాలువలమీద పడవలలోనే పోయివచ్చుచుండిరి; పుస్తకములు, మందులు, వంటసామాను అన్నియు పడవలోనే.

ఇండియాకు ఇనుపదారులకన్న నీటిదారులే మేలని కాటన్ దొర 1878 లో ఇంగ్లండు పార్లమెంటువారి విచారణసంఘము నెదుట గట్టిగా వాదించెను. ఆ వాదమున గెలిచినది రైలే. మెట్టుగూడవార మందులకు విచారింప బనిలేదు గాని, ఓడినవారి దారి యేమయ్యెనో తెలిసికొనుట న్యాయము. 1899 నాటికి బెజవాడకును చెన్నపట్టణమునకును నడుమ తీరపు రైలుదారి కలిసినది. తరువాత లారీలు వచ్చినవి. 1965, 1966 సంవత్సరముల తుపానులు బకింగుహాము కాలువను మిక్కిలి పాడుచేసినవి. ఒకప్పుడు లాకులకడ పడవలనుండి రుసుము పుచ్చుకొనుచుండిరి. రుసుము పుచ్చుకొన్నవాడు దారిని బాగుచేయక తప్పదు. పడవలు తగ్గిన కొలది రుసుము తగ్గెను, రుసుముతోడనే శ్రద్ధయు తగ్గెను. ప్రతి సంవత్సరము వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు గట్టు, తూము, లాకు బాగుచేయుట యుండెను గాని, పడవకు దారి కావలెనని యడుగువాడు లేకపోయెను. అడుగువాడు లేనిచోట వంతెనలు క్రిందికి దిగినవి. నీటిగొట్టములు కాలువకు అడ్డముగా, మనుష్యుని తలకు తగులునంత యెత్తున వేయబడినవి. చెన్నపట్టణములో నయితే, 1995 లో మొదటి భాగము తెఱవబడిన యెత్తయిన నగర రైలుదారికి స్తంభములను చాలదూరము కాలువ గర్భముననే నాటిరి. కాలువలో అడ్డంకి యనగానే మనము గుడ్డమూటలు విసరు పేదవానిని తలచుకొందుము. ఎన్నటికిని తీయరాని యడ్డంకులను పెట్టినది మాత్రము వాడు గాడు.

ఇప్పుడు చేతిపనికి వత్తము. పట్టణపు కాలువలో పడవ నడుపువానికి తగులు నడ్డంకులు రెండు తెగలు: పైకి తేలునవి, అడుగున నణగియుండునవి. తేలువానిలో మన దేశమున గుఱ్ఱపుడెక్కను మించినది లేదు. అది దక్షిణ అమెరికానుండి వచ్చిన మొక్క. దాని యాకుకాడలలో గాలి నిండిన బుడిపె లుండుటచే మునుగదు. మురుగునీటి బలము దొరకినచో రెండు వారములలోనే రెట్టింపు కాగలదు. పలుచని తెప్పగా నున్నప్పుడు గెడపడవ దానిని చీల్చుకొని పోవును. దట్టమైనప్పుడు బలవంతము చేసినకొలది పడవ ముందు అది పేరుకొని గోడయగును. తెలిసిన సరంగు నేరుగా పోడు. గాలి యేవైపునుండి వీచుచున్నదో చూచి, ఆ వైపు గట్టుప్రక్కగా పోవును. తెప్ప ఎదుటి గట్టునకు కొట్టుకొనిపోయి యుండును గనుక సన్నని దారి దొరకును. కాలువ వంపుదిరిగినచోట వెలుపలి యంచున నీటివడి హెచ్చు. అచ్చటను దారి యుండును.

మోటారు పడవకు చిక్కు వేఱు. దాని వెనుక నీటిలో తిరుగు పంకాకు ప్లాస్టిక్కు సంచులు, నైలాను వలలు, చీరపేలికలు, కొబ్బరిత్రాళ్లు చుట్టుకొనును. చుట్టుకొన్న సంగతిని చూడకయే చెప్పవచ్చును. ఇంజను బరువుగా మూలుగును. పడవ నడక తగ్గును. వెనుకనీరు చిలికినట్లయి ముందునకు త్రోపు మాత్రము లేకపోవును. పడవ వెన్ను వణకును. అప్పుడు వేగము హెచ్చించుట బుద్ధిహీనత. నైలాను త్రాడు రాపిడి వేడికి కరగి యిరుసునకు అంటుకొని యినుపవలె గట్టిపడును. మొదట గేరు తప్పింపవలెను. తరువాత ఒకటి రెండు క్షణములు పంకాను వెనుకకు త్రిప్పి చూడవలెను. వదులుగా చుట్టుకొన్నవి అంతటితో నూడిపోవుట కలదు. ఊడనిచో పడవను గట్టునకు చేర్చి కట్టి, ఇంజనును పూర్తిగా నాపి, తాళపుచెవిని తీసి, చేయి పెట్టువాడే దానిని తన జేబులో వేసికొనవలెను. ఈ కడపటి మాట చిన్నదిగా కనబడును. కాని ఒకడు చేయి పెట్టియుండగా మఱియొకడు తెలియక ఇంజను త్రిప్పుటచే వ్రేళ్లు పోవును. కనుక తాళపుచెవి ఎవని జేబులో నున్నదో పడవలోని వారందఱు ఎఱిగియుండవలెను.

పడవ వెనుకకు తగిలించు చిన్న మోటారైనచో దానిని పైకి మడచి శుభ్రము చేయవచ్చును. ఇంగ్లండులో కాలువలమీద నడుచు సన్నని పొడవైన పడవలలో పంకాకు సరిగా పైన, పడవ లోపలనే, మూతగల చిన్న గూడొకటి యుండును. ఇంజను నాపి మూత తీసి చేయి జొనిపి చెత్తను కోసితీయుదురు. పని ముగిసినతోడనే మూతను గట్టిగా బిగింపవలెను. మఱచినచో, ఇంజను తిరుగగానే పంకా నీటిని ఆ గూటిలోనుండి పడవలోనికి త్రోసి నింపును. నిలుకడగా కట్టబడియున్న పడవయే ఆ విధముగా మునుగుట కలదట. చెత్తను తీయుటకు పదునైన చిన్న కత్తి, తీగలు త్రుంచు కత్తెర, తోలు చేతితొడుగులు కావలెను. ఏ దిక్కుగా చుట్టుకొన్నదో చూచి దానికి విరుద్ధముగా విప్పవలెను గాని పట్టి పెఱుకరాదు; గుడ్డలో ముండ్లతీగయు, వలలో గాలమును ఉండవచ్చును.

మఱి రెండు మోటారు సంగతులు. చిన్న మోటారులు చాలవఱకు కాలువనీటినే పీల్చి తమ వేడిని చల్లార్చుకొనును. పీల్చు రంధ్రమును ప్లాస్టిక్కు సంచి కప్పినచో మోటారు కొంతసేపటికే కాగిపోవును. వెనుకనుండి సన్నని ధారగా నీరు చిమ్ముచుండుటయే అది క్షేమముగా నున్నదనుటకు గుర్తు. కావున సరంగు ముందునకు చూచుచునే అప్పుడప్పుడు ఆ ధారను చూచుచుండవలెను. కొన్ని మోటారులలో పంకాకును ఇరుసునకును నడుమ మెత్తని లోహపు సీల యొకటి యుండును. పంకా మ్రానికో రాతికో గట్టిగా కొట్టుకొన్నప్పుడు సీల తెగిపోయి పండ్లచక్రములను కాపాడును. తెగుటకే చేయబడిన వస్తువది. అట్టివి రెండు మూడు పడవలో దాచుకొనని వానికి ఆ దినమున తెడ్డే గతి.

అడుగున నణగియున్న వానికి జ్ఞానము గెడలోనే యున్నది. మునిగిన మ్రాను, విఱిగిన మంచము, ఇటుకలకుప్ప, పాత మోటారుసైకిలు, పాడుపడిన త్రోపుడుబండి. ఇంగ్లండు పట్టణములలో అంగడులలో సరకులు వేసికొని త్రోయు చక్రాల బుట్టలు కాలువ యడుగునకు చేరుట సామెతగా నున్నది. ఇవి ఎక్కువగా వంతెనల క్రిందనే యుండును, ఏలయనగా వంతెనమీదినుండి విసరుట సులభము. అందుచే వంతెనను సమీపించుచు వేగము తగ్గించి, నడిమిభాగమును పట్టి, వీలైనచో గేరు తప్పించి పడవను తన వడితోడనే జారనిచ్చుట మంచిది. పడవ ఏదైన వస్తువుమీది కెక్కి నిలిచినచో ముందునకు త్రోయరాదు; పడవ అడుగు మఱింత పైకెక్కి, ఒరగి, నీరు త్రాగవచ్చును. వచ్చినదారినే వెనుకకు దిగవలెను. అందులో కూర్చున్నవారిని చిక్కుకొననికొసవైపునకు మెల్లగా జరిపినచో చిక్కిన కొస తేలికయై లేచును. ఎక్కడను చేతితోగాని కాలితోగాని గోడను, మ్రానును, మఱియొక పడవను ఆపబోరాదు; టన్నుల బరువు మెల్లగా కదలినను ఎముక దానికి నిలువదు. గెడ బురదలో దిగబడి రానిచో గెడను విడువవలెను గాని, దానిని పట్టుకొని నీటిపై వ్రేలాడరాదు. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో నవ్వుదురు. పడవ ముందునకు పోవుచుండగా గెడను విడువవలెనని ఆ క్షణమున దోచుట ఎంత కష్టమో పడవెక్కినవారికి తెలియును.

తీసినదానిని ఏమి చేయవలెను? పడవలో వేసికొని గట్టునకు చేర్చవలెను. నీటిలోనికి మఱల వదలినది వెనుక వచ్చువాని పంకాకు చుట్టుకొనును. అందుచే పట్టణపు కాలువలో పోవు ప్రతి పడవలోను ఖాళీ గోనెసంచి యొకటి యుండుట మేలు. మురుగునీటిలో చేతికి గాయమైనచో వెంటనే మంచినీటితోను సబ్బుతోను కడిగి వైద్యుని చూడవలెను. ఎలుకమూత్రము కలిసిన నీటివలన వచ్చు జ్వరము ప్రమాదకరమైనది, ధనుర్వాతపు భయమును కలదు. తేలుడుచొక్కా తొడుగక పడవయెక్కరాదు. పిల్లలు పెద్దలు లేక కాలువలో దిగరాదని వేఱుగ చెప్పవలసిన పనిలేదు గాని, తల్లిదండ్రులు చదువుదురు గనుక చెప్పుచున్నాను.

ఇంత శ్రమయున్నప్పుడు పడవ యెందులకని యడుగువారు కలరు. పడవయే ఒక్కొక్కప్పుడు గొప్ప యడ్డంకి యగుననుటకు వారికి మంచి దృష్టాంతము కలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు వఱద వచ్చి ప్రకాశం బారేజీకడ నీరు 11 లక్షల క్యూసెక్కులు దాటినది. ఎగువను కట్టియుంచిన కొన్ని పెద్దపడవలు కట్లు తెగి కొట్టుకొనివచ్చి బారేజీ ద్వారములకు తగిలి నిలిచినవి. ద్వారములను ఎత్తుటకు దింపుటకు తోడ్పడు సమతూకపు దిమ్మలు దెబ్బతిన్నవి. వానిని మార్చుటకు నిపుణులు వచ్చిరి. పడవలను తీయుట మాత్రము చాలదినములు పట్టినది. క్రేనులు చాలలేదు, మునిగినవారు నీటిలోపల కోసి చూచిరి, కాకినాడనుండి వచ్చిన పనివారును శ్రమపడిరి. ఊరంతయు బుడమేటి నీటిలో చిక్కియున్న దినములలో ఇది జరుగుటచే జనులకు పడవలన్న భయము కలుగుట సహజము.

అయినను ఆ దృష్టాంతము నా పక్షముననే యున్నదని నా మనవి. పడవలు నడుచు రేవులో కట్టుత్రాటిని చూచువాడు, వఱద వార్త రాగానే పడవను పైకి చేర్చువాడు, ఎవని పడవ యెక్కడ నున్నదో పట్టికలో వ్రాయువాడు ఉండవలసివచ్చును. రైలుపెట్టెను పట్టాలమీద నిలిపి చక్రములకు అడ్డుకట్టలు పెట్టక పోవువానిని రైల్వేవారు క్షమింపరు. ఆ శిక్షణ నీటిమీద లేకపోవుటయే లోపము.

పడవవాడు పట్టుబట్టినచో దారి ఎట్లు తెఱవబడునో ఇంగ్లండులో జరిగిన యొక కథవలన తెలియును. బర్మింగుహాము పట్టణమునకు చేరువను స్ట్రాట్‌ఫర్డు కాలువమీద లిఫర్డుకడ పైకెత్తదగిన వంతెన పాడయి, దానికి మాఱుగా క్రిందుగా బిగించిన దూలముల వంతెన వేయబడినది. కాలువకు యజమానులు గ్రేట్ వెస్టరన్ రైల్వే కంపెనీవారు. పడవలు రానప్పుడు ఎత్తు వంతెన యేలయని వారి తలంపు. ప్రభువుల సభలో ప్రశ్న లేవదీయగా, నోటీసు ఇచ్చినచో వంతెనను ఎత్తెదమని సమాధానము వచ్చినది. ఆ మాటను పట్టుకొని టామ్ రోల్టు అను రచయిత 1947 మే నెలలో తన క్రెస్సీ యను పడవతో వచ్చుచున్నానని నోటీసు పంపెను. రైల్వేవారు కూలీలను తెచ్చి, జాకీలతో వంతెనను పైకెత్తి, ఆ యొక్క పడవను పోనీయవలసివచ్చెను. తరువాత మఱికొందఱు నోటీసులు పంపిరి. ఒక్కొక్క పడవకు వంతెన నెత్తుటకన్న సరియైన వంతెన కట్టుట చౌకయని యెవరికైనను తెలియును. రోల్టును అతని మిత్రులును అంతకు ముందటి సంవత్సరము, అనగా 1946 లో, స్థాపించిన జలమార్గ సంఘము నేటికిని నడుచుచున్నది. ఇంగ్లండులో పూడిపోయిన కాలువలను సెలవుదినములలో బురదలో దిగి త్రవ్వి తెఱచినవారిలో పంతుళ్లు, గుమాస్తాలు, విద్యార్థులు ఎందఱో కలరు.

మన యూరి సంగతియు దీనికి సాక్ష్యమే. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలములో కట్టబడిన హుస్సేన్ సాగరములోనికి కూకట్‌పల్లి నాలా మొదలైనవి పట్టణపు మురుగును, వానలు కురిసినప్పుడు తేలుచెత్తను తెచ్చి పోయుచున్నవి. సాగరము నిర్మలమని నేననను. అయితే దానిమీద తెరచాపపడవల పందెములు జరుగును. బుద్ధవిగ్రహమును చూడవచ్చువారిని మోసికొనిపోవు పడవలు తిరుగును. అందుచే తేలుచెత్తను ఏరు యంత్రపుపడవలును అచ్చట తిరుగుచున్నవి. చెత్త కనబడినచో నడుగువారు కలరు. అదే నీరు నాలాలో నున్నంతవఱకు ఏ పడవయు లేదు, ఏ కన్నును లేదు. పరుపులు, కుర్చీలు, మంచపుకోళ్లు అందులోనికే పోవుచున్నవి. వానకాలమున నాలా పొంగి యిండ్లలోనికి వచ్చినప్పుడు మాత్రము ఆ పరుపు ఎక్కడ అడ్డుపడెనో వెదకుదురు.

బెజవాడలో కాలువగట్టులకు చాలచోట్ల ఇనుపవల కంచెలు కట్టినారు. మంచిదే. కంచె సంచిని కొంతవఱకు ఆపును. అయితే సంచిని విసరు చేతికి వేఱొకచోటు చూపకున్నచో అది కంచెపైనుండి విసరును. చెత్తబండి రాని సందులోని గృహిణిని నిందించుట నాకు నచ్చదు. బండి వచ్చినను కారు ఆపి వంతెనమీదినుండి మూట విసరువానిని ఏమనవలెనో మాత్రము నాకు తెలియదు. కంచె మఱియొకటియు చేయును: కాలువను జనుల కన్నులకు దూరము చేయును. కాలువ పెరటిగోడ వెనుకనున్న వస్తువైనచో పెరటికి తగిన మర్యాదయే దానికి జరుగును.

2008 లో కాకినాడ పుదుచ్చేరి కాలువలను కృష్ణా గోదావరీ నదుల భాగములతో కలిపి 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. 2017 అక్టోబరులో కృష్ణానదిమీద ఆ పనికి శంకుస్థాపనయు జరిగినది. కాలువల భాగములో మాత్రము వెనుకటి రాకపోకలు మఱల రాలేదు. పెద్ద ఓడలకు తగినట్లు వంతెనలన్నియు ఎత్తవలెననినచో కోట్లు కావలెను, కాలము కావలెను. నేను కోరునది అంతటిది గాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ, ఈ మూడును బెజవాడ యూరినడుమ పాఱుచున్నవి. ఒక్కొక్కదానిలో, నీరున్న నెలలలో, ఇద్దఱు కూలీలును ఒక సరంగును గల గెడపడవ యొక్కటి ప్రతి యుదయము ఊరి ఈ కొసనుండి ఆ కొసకు పోయి రావలెను. మోటారు అక్కఱలేదు, గెడకు చుట్టుకొనునది లేదు, నూనె ఖర్చు లేదు. కొంకి, వల, కత్తి, గోనెసంచులు చాలును. వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు అదే సరంగు అడుగున నడచి, పడవకు ఏటిపొడుగునను తగిలిన దిబ్బలను చూపి తీయింపవలెను. ఎక్కడ తగిలెనో వానికి తెలిసినంతగా కంట్రాక్టరుకు తెలియదు.

వాడు ఏ వంతెన క్రింద ఏమి యెత్తెనో ఏ పూటకాపూట పలకమీద వ్రాసి, ఆ పలకను ఆ వంతెనకే వ్రేలాడగట్టవలెను. ఫలాని తేదీ, సంచులు ఇన్ని, సీసాలు ఇన్ని, పరుపు ఒకటి. పలకను చదువుటకు మూడవ తరగతి చాలును. అక్షరములు పెద్దవిగా నుండవలెను. వాన తగులనిచోట కట్టవలెను.